డాబా మీది ఎండకు పట్టా లేదు

ఈ మధ్య ఆదివారం పేపరు తీస్తే వార్తల కంటే ముందు వెంచర్లు పలకరిస్తున్నాయి. నలభై అంతస్తుల టవరు, దాని ముందు పచ్చిక మీద పరుగెత్తే పిల్లలు, కింద ‘ఓఆర్ఆర్‌కు ఐదే నిమిషాలు’ అన్న మాట. ఆ ఐదు నిమిషాలు ఏ అర్ధరాత్రి కొలిచారో వాళ్లకే తెలియాలి. పేజీ తిప్పితే సోలార్ వాళ్ల ప్రకటన. ‘ఇక మీ కరెంటు బిల్లు సున్నా’ అని. ఆకాశాన్ని మూసేసేవాడు ఒక పేజీలో, ఆ ఆకాశంలోంచి కరెంటు తీసిస్తానంటున్నవాడు రెండో పేజీలో. ఈ ఇద్దరి బేరాలూ ఒకదాని పొట్ట ఒకటి కొడతాయని ఎవరికీ తట్టదేమిటో! నాకు మాత్రం ఇదే గొడవ. ముసలాడి సణుగుడు అనుకుంటే అనుకోండి, వినండి.

మా రోజుల్లో స్థలం కొనడమంటే సొసైటీలో చేరడమే. ఫ్యాక్టరీ ఉద్యోగులం అందరం హౌసింగ్ సొసైటీలో సభ్యులం. నెలనెలా జీతంలోంచి కొంత కోసుకునేవాళ్లు. సొసైటీ ఊరికి దూరంగా పొలం కొని, లేఔట్ వేసి, చీటీలు తీసి ప్లాట్లు పంచేది. ఎవరికి కార్నర్ బిట్ వస్తే వాడు ఆ పూట అందరికీ ఇరానీ చాయ్ తాగించాలి. హైదరాబాద్‌లో ఉప్పల్ దాటితే అప్పట్లో జొన్నచేలు, రాతిగుట్టలు. గజం ధర వందల్లోనే ఉండేది. ఆ వందలు కూడబెట్టడానికే ఆడవాళ్ల మెళ్లో గొలుసులు బ్యాంకుకు వెళ్లొచ్చేవి. ‘ఆ అడవిలో ఎవడుంటాడయ్యా’ అని మా మామగారు ముఖం మీదే అడిగారు. అదే అడవిలోకి 2017లో మెట్రో వచ్చి నాగోల్‌లో ఆగింది. చూడ్డానికి ఆయన లేరు.

ఇల్లు కట్టి చూడు అన్న పెద్దలు ఊరికే అనలేదు. ఆఫీసులో ఇచ్చే హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు పునాదులకే సరిపోయేది. స్లాబు పడ్డాక ఏడాది ఆగి తలుపులు, ఇంకో ఏడాదికి గచ్చులు. అయినా కట్టిన ఇంట్లో ఒక ఆలోచన ఉండేది. మేస్త్రీకి డిగ్రీ లేదు గానీ ఎండ ఎటు నుంచి వస్తుందో తెలుసు. పడమటి గోడకు కిటికీలు తక్కువ, ప్రతి గదికీ పైన వెంటిలేటరు, కింద షాబాదు బండ, ముందు వరండా. వేసవి రాకముందే డాబాకు సున్నం కొట్టించేవాళ్లం. ఇప్పుడదే పనికి ‘కూల్ రూఫ్’ అని పేరు పెట్టి 2023లో తెలంగాణ ప్రభుత్వం ఒక పాలసీయే తెచ్చింది. సంతోషమే. మా తాపీమేస్త్రీ ఆ పాలసీని బకెట్టులో కలుపుకుని వచ్చేవాడు.

ఇక డాబా సంగతి. డాబా అంటే మాకు ఇంకో గది. పైకప్పు లేదన్నమాటే గానీ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ పని జరిగేది అక్కడే. మాఘమాసంలో వడియాలు, ఫాల్గుణంలో చింతపండు, ఆవకాయ రోజులకు మిరపకాయలు, ఆపైన రాత్రిళ్లు పక్కలు. ఎండకు మేమెప్పుడూ దరఖాస్తు పెట్టలేదు. ఎవడైనా అడ్డం వస్తాడన్న ఊహ కూడా లేదు. పక్కింటివాడిదీ ఒకటే అంతస్తు, ఎదురింటివాడిదీ ఒకటే అంతస్తు. వాడు పైన గది వేసుకుంటానంటే మనమే వెళ్లి ఇటుకలు మోశాం.

అలాగని అన్నీ బంగారమే అని నేననను. బోరు నీళ్లకు పప్పు ఉడికేది కాదు. తొంభైల్లో హౌసింగ్ లోను వడ్డీ పధ్నాలుగు, పదిహేను శాతం. కరెంటు కోతలైతే చెప్పనక్కర్లేదు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాక్టరీలకే పవర్ హాలిడేలిచ్చారు, ఇళ్లదేముంది. విసనకర్రతో మనవళ్లకు విసిరిన చేయి ఇది. ఆ రోజులు మళ్లీ రావాలని నేను మొక్కుకోవడం లేదు. కానీ అప్పుడు ఇంటితో పాటు గాలీ వెలుతురూ వచ్చేవి, వాటికి విడిగా బిల్లు ఉండేది కాదు.

ఇప్పుడు చూడండి. కొనేది చదరపు అడుగులు. పన్నెండొందల అడుగుల ఫ్లాటన్నాడంటే అందులో లిఫ్టూ, మెట్లూ, కారిడారూ అన్నీ కలిపి చెప్పాడన్నమాట. కాలు పెట్టి నడిచేది తొమ్మిదొందలుంటే అదృష్టం. 2016లో రెరా చట్టం వచ్చి కార్పెట్ ఏరియా చెప్పి అమ్మమంది. ఐదొందల చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్నా, రిజిస్టరు చేయకుండా ప్రకటన కూడా వేయకూడదంది. మనవాళ్లు తక్కువవాళ్లా! దానికి ‘ప్రీలాంచ్’ అని ఇంకో దారి కనిపెట్టారు. భవనానికి పర్మిషన్ ఉండదు, పునాది ఉండదు, ఒక్కోసారి నేల కూడా సరిగ్గా వాళ్లది కాదు. డబ్బంతా ముందే కట్టేస్తే సగం ధరకిస్తారట. అలా కట్టి, ఆఫీసు షట్టరు ముందు కూర్చున్న రిటైర్డ్ మేష్టర్లను నా కళ్లతో చూశాను. ఇవన్నీ దాటి బయటపడితే కట్టే దశలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ ఐదు శాతం, రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం.

నగరానికి పడమటి వైపు సంగతి వేరే లోకం. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. 100.75 కోట్లు అని పేపర్లో చదివి మా వీధిలో ఒక్కొక్కడూ ఆ పూట తన గజాలు లెక్కపెట్టుకున్నాడు. కోకాపేటకూ మా ఉప్పల్‌కూ సంబంధమేమిటని అడక్కండి. అక్కడ పిడుగు పడితే ఇక్కడ ధర పెరుగుతుంది. ఆ వారం నుంచి మా కాలనీలో పలకరింపు మారింది. ‘ఆరోగ్యం ఎలా ఉంది’ పోయి ‘డెవలప్‌మెంటుకు ఇస్తున్నారా’ వచ్చింది.

మొన్నొక బ్రోకరు కుర్రాడు వచ్చాడు. గేటు తీసి లోపలికి రాలేదు. ఇంటి ముఖం చూడలేదు. వీధిలో నిలబడి అడుగులేసుకుంటూ ముందు కొలత చూశాడు, రోడ్డు వెడల్పు చూశాడు, ఫోనులో ఏదో నొక్కుకున్నాడు.

‘‘లోపలికి రా బాబూ, ఇల్లు చూద్దువు గాని. దర్వాజా టేకుది’’ అన్నాను.

‘‘అవసరం లేదంకుల్. ఇల్లు పాతది కదా, దానికి రూపాయి రాదు. గజం లెక్కే’’ అన్నాడు.

‘‘మరి పైన సోలార్ ఉందయ్యా, మొన్ననే పెట్టించాం.’’

‘‘అది మీరు విప్పేసుకోవచ్చంకుల్’’ అన్నాడు, నాకేదో రాయితీ ఇస్తున్నట్టు.

మా రోజుల్లో ఇలాంటి కుర్రాళ్లు ‘బాబాయిగారూ’ అనేవాళ్లు, మంచినీళ్లు తాగి వెళ్లేవాళ్లు. అది పోనివ్వండి. వాడన్న మాటలో మా ఊరి రియల్ ఎస్టేటు మొత్తం ఉంది. ఇండిపెండెంట్ ఇల్లు కొనేవాడు ఇల్లు కొనడం లేదు, కూల్చడానికి స్థలం కొంటున్నాడు. గోడలకు విలువ లేదు, గచ్చుకు లేదు, పైనున్న ప్యానెళ్లకు అంతకంటే లేదు. సోలార్ పెట్టిస్తే ఇంటి ధర పెరుగుతుందని చెప్పే సేల్సు కుర్రాడు ఈ బ్రోకరు కుర్రాడితో ఒక్క పూట కూర్చుని మాట్లాడాలని నా కోరిక.

ఆ సేల్సు కుర్రాడి లెక్క తప్పని మాత్రం నేననలేను. కరెంటు బిల్లు చూడండి. తెలంగాణలో నెలకు రెండొందల యూనిట్లు దాటామా, మొదటి యూనిట్ నుంచే 5.10 రూపాయలు వేస్తారు. ఆపైన వందకు 7.70, ఆ తర్వాతి వందకు తొమ్మిది. రెండు ఏసీలున్న ఇంట్లో వేసవిలో నాలుగొందల యూనిట్లు మామూలే. ఆ లెక్కన 2,690 రూపాయలు, తక్కిన చార్జీలు వేరే. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లిస్తాయి. మూడు కిలోవాట్లంటే నెలకు మూడొందల అరవై. పగలు మనం వాడగా మిగిలింది లైన్లోకి పోతుంది, రాత్రి మనం తీసుకుంటాం, తేడాకే బిల్లు. అంటే నాలుగొందలు వాడినవాడికి నలభై యూనిట్ల బిల్లు వస్తుంది. పైగా 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ అని మొదలుపెట్టింది. కోటి ఇళ్లకు సోలార్ అన్నారు. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు ముప్పై వేలు, మూడు కిలోవాట్లూ అంతకు మించితే మొత్తం 78 వేలు సబ్సిడీ. రెండు లక్షలకు అటూ ఇటూ అయ్యే వ్యవహారంలో 78 వేలు తిరిగొస్తే ఎవరు కాదంటారు? మా అల్లుడు పట్టుబట్టాడు, నేనూ సరేనన్నాను.

పెట్టించాక తెలిసింది, దీనికీ కాపలా కావాలని. మొదటి గొడవ వాస్తుతో. మన ఇళ్లన్నిటికీ వాటర్ ట్యాంకు నైరుతిలోనే. బరువు అటే ఉండాలని సిద్ధాంతిగారు చెప్పారు, అందరం పెట్టాం. ప్యానెళ్లేమో దక్షిణం వైపు చూడాలి. మధ్యాహ్నం రెండు దాటాక ఎండ నైరుతి నుంచి వస్తే, దిమ్మె మీది ట్యాంకు నీడ పోయి ప్యానెళ్ల మీదే పడుతుంది. ఒక వరుసలో ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం నీరసపడుతుంది. వాస్తుకూ సోలార్‌కూ రాజీ కుదర్చడానికి ఫ్రేము లేపి, నాలుగడుగులు జరిపి, తలప్రాణం తోకకొచ్చింది. రెండో గొడవ పావురాలతో. ప్యానెళ్ల కింద నీడ చూసుకుని కాపురాలు పెట్టాయి. పైన రెట్టలు, కింద పుల్లలు. నీళ్లు కొట్టి కడుగుదామంటే బోరు నీళ్లు ఆరాక అద్దం మీద తెల్లటి ఉప్పు మరకలు. వల కట్టించాం, తాగే నీళ్లతో కడుగుతున్నాం. మూడోది మా ఆవిడకు ఇప్పటికీ మింగుడుపడనిది. వీధిలో కరెంటు పోతే మన సోలారూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన మాడు పగిలే ఎండ, ఫ్యాన్ తిరగదు. లైన్ మీద పనిచేసే మనిషికి మన డాబా నుంచి వెళ్లే కరెంటు షాక్ కొట్టకూడదని ఆ ఇన్వర్టరు అలా ఆగిపోతుంది. బ్యాటరీ పెట్టుకుంటే తప్ప దానికి మందు లేదు. ‘మరి పైన ఎండ ఉందిగా’ అంటుంది ఆవిడ. న్యాయమే. నేనేం చెప్పను?

ఇవన్నీ సర్దుకోగలిగినవి. సర్దుకోలేనిది ఇంకొకటి వచ్చింది. మాకు దక్షిణాన ఉన్న మూడిళ్లవాళ్లు కలిసి డెవలప్‌మెంటుకు ఇచ్చారు. ఫిఫ్టీ ఫిఫ్టీ, బిల్డరుకు సగం, వాళ్లకు సగం. మూడు ప్లాట్లు కలిస్తే స్టిల్ట్ ప్లస్ ఫైవ్ లేస్తుంది. వాళ్ల తప్పు లేదు. ఒకరి పిల్లలు బెంగళూరులో, ఇంకొకరి పిల్లలు డాలస్‌లో. ముసలి దంపతులు అంత ఇల్లు ఊడ్చుకోలేరు. కానీ లెక్క చూడండి. ఆ భవనం సుమారు పద్దెనిమిది మీటర్లు, మా డాబా ఏడు మీటర్లు. తేడా పదకొండు. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా హైదరాబాద్‌లో సూర్యుడు 49 డిగ్రీలకు మించి పైకెక్కడు. అప్పుడు పదకొండు మీటర్ల గోడ నీడ తొమ్మిదిన్నర మీటర్లు, అంటే ముప్పై అడుగులు పైచిలుకు. మధ్యలో వదిలిన సందు పోను మా డాబాలో సగం దాకా నీడే. మే రెండో వారంలో నడినెత్తిన నిలబడి మన నీడ మన కాళ్ల కిందే పడేట్టు కాసే సూర్యుడు, సంక్రాంతికి పక్కవాడి పిట్టగోడ వెనక దాక్కుంటాడన్నమాట. ధనుర్మాసంలో ఇప్పుడు పదిన్నరకు ఆ నీడ అంచు మా ప్యానెళ్ల కింది వరుసను ముట్టుకుంటుంది, పన్నెండుకు పై వరుస ఎక్కుతుంది. అల్లుడు ఫోనులో గ్రాఫ్ చూపించాడు. వేసవిలో గోపురంలా ఉండే గీత, మధ్యలో కూలిపోయి ఉంది.

మున్సిపాలిటీలో అడిగితే ఆ గుమాస్తా పాపం మంచివాడే, కాగితాలు తీసి చూపించాడు. సెట్‌బ్యాక్ వదిలారు, ప్లాను ప్రకారమే కడుతున్నారు, తప్పేమీ లేదన్నాడు. ‘మా ప్యానెళ్ల మాటేమిటి నాయనా’ అంటే, ‘ఎండకు కాలమ్ లేదండీ’ అన్నాడు. మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలో ఒక మాట ఉంది. ఇంట్లోకి వచ్చే వెలుతురును ఇరవై ఏళ్లు ఎవరి అడ్డూ లేకుండా అనుభవిస్తే దాని మీద హక్కు పుడుతుందని. కిటికీల కాలంలో రాసిన చట్టం అది. ప్యానెల్ ఆయుష్షే పాతికేళ్లు. హక్కు పుట్టేసరికి ప్యానెల్ పోయే వయసుకొస్తుంది.

అపార్టుమెంటులో ఉన్నవాళ్లు నవ్వుకోకండి, మీ గతి ఇంకా అన్యాయం. అంతస్తుకు మూడు చొప్పున పదిహేను ఫ్లాట్లకు ఉండేది ఒకటే టెర్రస్. మూడు కిలోవాట్లకు సుమారు మూడొందల చదరపు అడుగులు కావాలి. పదిహేనుమందీ పెట్టుకోవాలంటే నాలుగున్నర వేల అడుగులు. ట్యాంకులూ, లిఫ్టు గదీ, డిష్ యాంటెన్నాలూ పోను ఆ టెర్రస్ మీద రెండున్నర వేలు మిగిలితే గొప్ప. ఇక కోకాపేట నలభై అంతస్తుల సంగతి మీరే గుణించుకోండి. కొందరు బిల్డర్లయితే టెర్రస్ హక్కులు తమ దగ్గరే ఉంచుకుని పెంట్‌హౌస్ వేసి అమ్ముకుంటున్నారు. అసోసియేషన్ కట్టుగా ఉంటే లిఫ్టుకూ, మోటారుకూ, మెట్ల లైట్లకూ సోలార్ పెట్టుకోవచ్చు. దానికి కిలోవాట్‌కు 18 వేల సబ్సిడీ కూడా ఉంది. కానీ వాచ్‌మన్ జీతం పెంచడానికే మూడు మీటింగులు పెట్టే అసోసియేషన్లు మనవి.

నాకు కడుపు మండేది ఇంకొకటుంది. పడమటి ముఖం నిండా అద్దాలు పెట్టి ఇళ్లు కడుతున్నారు. సాయంత్రం నాలుగింటికి ఆ హాల్లో కూర్చోలేం. దానికి రెండు టన్నుల ఏసీ. ఆ ఏసీకి బిల్లు. ఆ బిల్లుకు సోలార్. ఎండను లోపలికి పిలిచిందీ మనమే, తరమడానికి ఆ ఎండనే కూలికి పెట్టిందీ మనమే. ఒక వరండా, నాలుగు వెంటిలేటర్లు, డాబా మీద సున్నం, పడమట ఒక వేపచెట్టు ఉంటే ఆ బిల్లులో కొంత పుట్టేదే కాదు. అదేమంటే ‘ఎలివేషన్ పోతుందంకుల్’ అంటారు.

సోలార్ వద్దని నేననడం లేదు. నా వయసువాళ్లు కొత్తదేది వచ్చినా మూతి తిప్పుతారని పేరు. ఇందులో మాత్రం నా ఫిర్యాదు కొత్తదాని మీద కాదు. పాతికేళ్లు పనిచేసే వస్తువును, ఐదేళ్లలో కూలిపోయే వీధిలో పెట్టమంటున్నారు. అదీ నా గొడవ. ప్యానెల్‌కు కావలసింది నిలకడ. మన కాలనీలకు ఇప్పుడు లేనిదే అది. పాత ఇల్లంటే విలువ సున్నా, పక్కవాడి ఎండంటే లెక్క సున్నా అనుకునే బజారులో ‘బిల్లు సున్నా’ అన్న మాట ఎన్నాళ్లు నిలుస్తుంది?

కాబట్టి ఇల్లు కొనే పిల్లలకు నా మాట. ఈశాన్యం చూసుకోండి, కాదనను, కానీ దక్షిణం కూడా చూడండి. అటు ఖాళీ స్థలముంటే అదెవరిదో, పాత ఇళ్లుంటే వాటి యజమానులు ఏమనుకుంటున్నారో కనుక్కోండి. ఫ్లాటైతే సేల్ డీడ్‌లో టెర్రస్ హక్కు ఎవరి పేరున ఉందో చదవకుండా సంతకం పెట్టకండి. రెరా నంబరు లేని ప్రీలాంచ్ జోలికి పోకండి. ప్యానెళ్లు పెట్టించేముందు డిసెంబరులో ఒక పగలంతా డాబా మీద నీడ ఎటు నడుస్తుందో చూడండి. ఖర్చు లేని పరీక్ష అది.

పెద్దలకు ఇంకో మాట. నా డాబా మీద ప్యానెళ్లున్నాయని కరెంటు ఆఫీసు రికార్డుల్లో ఉంది, నెట్ మీటరు పెట్టింది వాళ్లే. పక్క స్థలంలో ఐదంతస్తులకు ప్లాను పాసుచేసిన ఆఫీసుకు ఆ సంగతి తెలియదు. తెలిస్తే ఏం చేయొచ్చో వాళ్లే ఆలోచించాలి. కనీసం ఆ ప్యానెళ్లను ఎండ ఉన్న చోటికి మార్చే ఖర్చయినా కట్టేవాడి మీద వేయొచ్చు. ఎండకు 78 వేలిచ్చే ఆఫీసూ, నీడకు పర్మిషనిచ్చే ఆఫీసూ ముందు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అప్పటిదాకా ఆ కోటి ఇళ్ల లెక్కలో మా ఇంటిని సగమే రాసుకోండి.